పని జరిగే చోటు

తెల్లబట్టకు పట్టిన తుప్పుమరక నిమ్మకాయ, ఉప్పు వేసి రుద్దినా వదల్లేదు. క్రిస్మస్‌కు మా చర్చి స్త్రీల సమాజం అంతా తెల్లచీరలు కడతాం. వాటి మీదికి నేను కుట్టిన జాకెట్లు, ముప్పై ఆరు. తుఫాను వాన బాల్కనీ తుప్పుగ్రిల్లు మీదుగా కొట్టి, జాకెట్లు పెట్టిన గంప నిండా కారింది. పక్కనే ఉన్న కుట్టుమిషను మోటారూ తడిసి చెడిపోయింది.

కావలిలో మా అపార్టుమెంటుకు అసోసియేషన్ వాళ్లు చేయించిన ఇన్సూరెన్సు గోడలకూ, స్లాబుకూ, లిఫ్టుకూ. లోపలి సామానుకు ఎవరిది వాళ్లే చేసుకోవాలి. మేం చేసుకున్నాం. నష్టం చూడటానికి ఇన్సూరెన్సు కంపెనీ నుంచి వచ్చిన సర్వేయరు టీవీ రాసుకున్నాడు, పరుపు రాసుకున్నాడు. గంప దగ్గర ఆగాడు. "ఇది వ్యాపారం గదమ్మా," అని ఫారం తిప్పి చూపించాడు. ఇంట్లో ఏదైనా వృత్తి పని జరుగుతుందా అన్న ప్రశ్న ఎదురుగా 'లేదు' అని మా ఆయన జడ్సన్ చేతిరాత. మిషనుకూ జాకెట్లకూ ఏమీ రాలేదు.

"అది పనని నాకేం తెలుసు? ఖాళీగా ఉండి కుట్టుకుంటా ఉంటివి," అన్నాడు జడ్సన్.

ఆయన అబద్ధం రాయలేదు. పద్నాలుగేళ్లు పక్కనే ఉండి, నిజమనుకునే రాశాడు. నాకు గుచ్చుకున్నది అదే. మిషను మొదట హాల్లోనే ఉండేది. టీవీలో పాస్టరు చెప్పే వాక్యం వినపడటం లేదని మా అత్త బెడ్‌రూములోకి పంపింది. మధ్యాహ్నం నిద్ర చెడుతోందని ఆయన బాల్కనీలోకి జరిపించాడు. అక్కడైతే గాలి బాగా ఆడతాదని కూడా చెప్పాడు. నేను ప్రతిసారీ ఒక కొస పట్టుకుని మోశాను.

ఆ పండక్కి ముప్పై ఆరు మందీ పాత జాకెట్లతోనే వచ్చారు. ఒక్కరూ నన్ను ఏమీ అనలేదు. నేనే వెనక బల్ల మీద కూర్చున్నాను.

మోటారు మార్పించాను. ఈ నవంబరులో పాలసీ మళ్లీ చేయించాల్సి వచ్చింది. ఫ్లాటు ఇద్దరి పేరా ఉంది గాబట్టి నా సంతకమూ కావాలి. పాతది చూసి అట్నే రాసెయ్యమని ఆయన ఫారం నా ముందు పెట్టి వార్తలు చూస్తూ కూర్చున్నాడు. ఆ ప్రశ్న దగ్గర 'ఉంది, కుట్టుపని' అని రాశాను. దాని కిందే ఇంకో గడి, పని జరిగే చోటు. కాసేపు ఆలోచించి 'హాలు' అని రాశాను. సంతకం పెట్టాను.

జడ్సన్ చదివి, "మిషను బాల్కనీలో గదా ఉండేది?" అన్నాడు.

"రాసేసినాను. లేచి ఆ కొస పట్టుకోండి," అన్నాను.