పూసలకు నాలుగు పేజీలు

పాపకు సెలైన్ ఎక్కించి ఇంటికి తెచ్చిన మూడో రోజున రోహిణి వచ్చింది. ఈ హిందీ ఊరు బాగ్‌బేరాలో, మా తెలుగువాళ్ళ వీధిలోనే పుట్టిన పిల్ల. ఇప్పుడు యూనివర్సిటీలో ప్రజారోగ్యం, మానవశాస్త్రం రెండూ కలిపి చదువుతోంది. నన్ను ఎనిమిదిలోనే మానిపించారు.

"సోమవారం మా రిపోర్టు ఆఫీసర్లు చూస్తారు దీదీ. పాపకేమైందో చెప్పు," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా పంపు గొట్టం మురిక్కాలువలోంచి వస్తుంది. దానికి చిల్లు. వీధిలో నలుగురు పిల్లలకు విరేచనాలు. ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా ఎవరూ తొంగిచూడలేదు. అదంతా చెప్పాను. రోహిణి ఫారంలో 'పంపు నీరు' అన్నచోట ఒక టిక్కు పెట్టి మూసేసింది.

అప్పుడే మా అత్త సన్యాసమ్మ పాప చేతికి వసకొమ్ము పూసలు కడుతోంది. రోహిణి కళ్ళు మెరిశాయి. సంచిలోంచి ఇంకో పుస్తకం తీసింది, ఆచారాలు రాసుకునేది.

"ఇవెందుకు కడతారు దాదీ?"

"కడుపునొప్పి రాకండా. దిష్టి తగలకండా. రాసుకో, నీ పెళ్ళయ్యాక పనికొత్తాది."

ఏ వారం కట్టారు, ముడులెన్ని, ఎవరు నేర్పారు. నాలుగు పేజీలు నిండాయి. తర్వాత, మా మాటలు వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టమంది.

"ఏటి రాసినావో చదువు," అన్నాను.

'జబ్బుకు దిష్టే కారణమని కుటుంబం నమ్ముతోంది,' అని చదివింది.

నా ఒళ్ళు మండిపోయింది. "ఎవులే నమ్మినోళ్ళు? గొట్టం గురించి గొంతెండిపోయేలా సెప్పాను కదే! దానికి టిక్కా? ఇది సూసి ఆఫీసర్లు ఏటంటారు? ఈళ్ళకి బుద్ధి సెప్పండంటారు. గొట్టం అలాగే ఉంటాది. నా పిల్ల మళ్ళీ మంచానపడతాది!"

"అరే దీదీ, గుస్సా మత్ కరో, కోప్పడకు. గొట్టం నా టాపిక్ కాదు. రాసినా మా సర్ ఆ మాట కొట్టేస్తారు."

"కొట్టెయ్యమను. ముందు నువ్వు రాయి. నేకపోతే సంతకం నేదు."

అత్త నా కొంగు లాగింది. "సదువుకున్న పిల్లతో తగువేటే?"

"మీరూరుకోండత్తా."

రోహిణి ముఖం మాడ్చుకుని రాసింది. పుస్తకం లాక్కుని వేలుపెట్టి కూడబలుక్కున్నాను. 'తల్లి చెప్పిన ప్రకారం గొట్టానికి చిల్లు ఉంది.'

"నేను సెప్పిన ప్రకారమేటి? నీకు కళ్ళు నేవా?"

పాపను చంకనేసుకుని, రోహిణిని రెక్కపట్టి కాలువ దగ్గరికి లాక్కుపోయాను. చిల్లు మురుగులో సగం మునిగి ఉంది. ముక్కు మూసుకుని వంగింది. తర్వాత పుస్తకాన్ని గోడకు ఆనించి 'తల్లి చెప్పిన ప్రకారం' కొట్టేసి, 'నేను చూశాను' అని రాసింది.

"దిష్టి మాట కూడా కొట్టు."

కొట్టింది. అప్పుడు పెన్ను అడిగాను.