ఎంత చెప్పాలి

పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. ఆ సంగతి శివపార్వతికి తెలియదు. నాట్లకు వచ్చిన ఇరవై రెండుమంది కూలీలు గట్టు మీద వరసగా కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెన్నకేశవరావు వేలితో రుచి చూసి, అందరికీ వినపడేలా అన్నాడు: "మా ఆవిడకి ఈమధ్య మనసు ఇంట్లో ఉండట్లేదర్రా. కాస్త మజ్జిగ పోసుకు తినండి." కూలీలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో మాట వస్తుందని తెలుసు.

ఖాళీ గిన్నెలు తట్టలో పెట్టుకుని ఇంటికి నడుస్తూ, మొదటి ఉప్పు ఎప్పుడు వేశానా అని వెతుక్కుంది. గుర్తు రాలేదు. కోడి కూయకముందే లేచింది, అది గుర్తుంది. నిజానికి లేవడమనేది లేదు, నిద్రపోతే కదా లేవడానికి. గేదె పాలు తీసింది. పెద్ద పిల్లలిద్దరికీ చద్దన్నం పెట్టి బడికి పంపింది. ఎనిమిది నెలల చంటిదానికి నీళ్ళు పోసింది. పోస్తూ దాని మొహం చూసింది. అది బోసినోటితో నవ్వింది. ఆ నవ్వు చూస్తే తల్లి మనసుకి ఏదో అవ్వాలి కదా! పక్కింటివాళ్ళ చంటిపిల్లని చూస్తున్నట్టు, ఇంకా చెప్పాలంటే గోడని చూస్తున్నట్టు చూసింది. పెద్దవాళ్ళిద్దరి విషయంలో ఇలా లేదు. రేపల్లె పక్క నుంచి వలస రైతులతో రాయచూరు జిల్లాలోని ఈ క్యాంపుకి వచ్చిన మొదటి ఏడాది, తాటాకు పాకలో, తేళ్ళ మధ్య, తుమ్మచెట్లు కొట్టి నల్లరేగడి చదును చేసుకుంటూ కూడా, పిల్లాడు నవ్వితే కడుపు నిండేది. ఇప్పుడు పెంకుటిల్లు ఉంది, తుంగభద్ర కాలువ నీళ్ళున్నాయి, పన్నెండెకరాల మాగాణి ఉంది. అన్నీ ఉన్నాక ఇదేం రోగం?

ఆ ప్రశ్న ఆమెది కాదు, అత్తగారు తులసమ్మది. తులసమ్మ చెడ్డది కాదు. కోడలికి దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, దగ్గరి ఊరు సిరవారలో కాంపౌండరు ఆంజనేయ దగ్గరకు తీసుకువెళ్ళి, రక్తం తక్కువని ఆయన అంటే టానిక్కు సీసాలు తెప్పించింది. మూడు సీసాలయ్యాయి. నాలుగోది తెస్తూ చెన్నకేశవరావు, "నీకు పని తక్కువై ఆలోచనలు ఎక్కువయ్యాయి" అన్నాడు. ఆ రోజు ఆమె రెండు పొయ్యిల మీద కూలీల అన్నం వార్చి, మూడో పొయ్యి మీద గేదెకు ఉలవలు ఉడకేస్తోంది.

తులసమ్మ ఇంకో మాట కూడా అంటూ ఉండేది, విసనకర్ర విసురుకుంటూ, ఎవరితోనో అన్నట్టు. "మా ఆడబిడ్డ కమలమ్మ కూడా పురుటి తర్వాత ఇట్టాగే మొదలెట్టింది. రైలెక్కించి పెద్ద పిచ్చాసుపత్రికి పంపారు. మళ్ళీ రాలా." కమలమ్మ అంటే చెన్నకేశవరావుకు మేనత్త. ఆమె ఫొటో కూడా ఇంట్లో లేదు. ఆ మాట విన్నప్పుడల్లా శివపార్వతి గబగబా లేచి ఏదో ఒక పని అందుకునేది, చేతులు ఖాళీగా కనబడితే తననీ రైలెక్కిస్తారేమో అన్నట్టు.

ఒకరోజు ఉపకాలువ రేవులో బట్టలు ఉతుకుతూ, పిండిన చీర చేతిలోనే ఉండగా, నీళ్ళవంక చూస్తూ నిలబడిపోయింది. ఎంతసేపో తెలియదు. కలుపుకు వచ్చే నింగమ్మ వచ్చి జబ్బ పట్టుకుంది.

"ఏందక్కా, గిట్ల నిలబడ్డవు? పిలుస్తనే ఉన్న. ఇనబడలేదా?"

"ఎండకి కళ్ళు తిరిగాయి నింగమ్మా."

నింగమ్మ ఆకాశం వంక చూసింది. మబ్బు పట్టి ఉంది. ఆమె చీర తీసుకుని తానే జాడించింది. తర్వాత మెల్లగా చెప్పింది. "మా చెల్లె బసవమ్మ గూడ గిట్లనే నీళ్ళ దిక్కు చూసేది. దయ్యమన్నరు, ఏడాది తిప్పినరు. ఆఖర్కి రాయచూరుల జయరామయ్య డాక్టరు తాన బాగైంది. ఆయన మనసు దవా ఇస్తడు. దాన్ని కట్టెయ్యలేదక్కా, కొట్టలేదు. మాట్లాడిండు."

మాట్లాడిండు. ఆ ఒక్క మాట శివపార్వతి మనసులో పడిపోయింది.

ఆ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే చెన్నకేశవరావు మొదట వినలేదు. కూరలు వరసగా మాడేసరికి, "సరే, ఒక పూట పోయి వచ్చేద్దాం. కూలీల ముందు నా పరువు పోతోంది" అన్నాడు.

జయరామయ్య రాయచూరు పాత బజారు వ్యాపారుల ఇంటి బిడ్డ. హైదరాబాదులో చదివి, బెంగుళూరులో మానసిక వైద్యం నేర్చుకుని వచ్చాడు. కింద రెండు గదుల్లో దవాఖాన, పైన నాలుగు మంచాలు. ఆయన ప్రశ్న శివపార్వతిని అడుగుతాడు, జవాబు చెన్నకేశవరావు చెబుతాడు.

"నిద్ర వస్తదా అమ్మా?"

"మంచం ఎక్కితే కదండీ నిద్ర! ఏదో ఒకటి సర్దుతూ ఉంటుంది."

"ఎందరికి వండుతరు?"

"మేం అయిదుగురమేనండీ, చంటిది కాక."

ఇరవై రెండు, అనుకుంది శివపార్వతి. ఇరవై రెండూ, అయిదూ. నోటిదాకా వచ్చింది గాని భర్త లెక్కను పరాయివాడి ముందు దిద్దడం ఆమెకు అలవాటు లేదు.

డాక్టరు కలం కింద పెట్టి సూటిగా ఆమెనే చూశాడు. "సచ్చిపోతే బాగుండు అనిపిస్తదా అమ్మా?"

చెన్నకేశవరావు నవ్వాడు. "అబ్బే, మా ఇంట్లో అట్లాంటివేం లేవండీ."

అవునంటే రైలు. కాదంటే కాలువ. ఆమె "లేదండీ" అంది.

డాక్టరు వెంటనే రాయలేదు. "చూడమ్మా, జ్వరం అందరికీ ఒక్క తీరుగ ఉండదు గద. ఒకరికి కషాయం చాలు, ఒకరికి సూది కావాలె, ఒకరిని మంచం మీద ఉంచి చూడాలె. మనసు గూడ గంతే. కొందరికి విశ్రాంతి ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడితే చాలు. కొందరికి మాత్రలు కావాలె. కొందరు కొన్ని దినాలు మా తాన ఉండాలె. పెద్ద దవాఖాన ఎవరికో గాని అక్కర రాదు. ఏది కావాలనేది మీరు చెప్పేదాన్ని బట్టే నేను చూస్త. తక్కువ చెప్తే తక్కువ దవా ఇస్త." తర్వాత చెన్నకేశవరావు వైపు తిరిగాడు. "ఇప్పటికి మాత్రలు రాస్తున్న. పని జేసేసరికి మూడు వారాలు పడతది. అందాక వంట ఇంకొకరు చూడాలె. ఆమెను ఒంటరిగ ఉంచొద్దు."

"తప్పకుండానండీ" అన్నాడు చెన్నకేశవరావు.

మర్నాడు ఉదయం బియ్యం బస్తా మూతి విప్పి, "ఇవాళ పాతికమంది" అని చెప్పి పొలానికి వెళ్ళిపోయాడు. డాక్టరు మాట గుర్తు చేస్తే, "మాత్రలు వేసుకుంటున్నావుగా, ఇంకేం? నాట్లయ్యాక చూద్దాం" అన్నాడు. నోరు ఎండిపోతున్నా ఆమె మాత్రలు మానలేదు. కాని పొయ్యి ముందు నుంచి కదలలేదు కూడా.

పదకొండో రోజు మధ్యాహ్నం, అన్నం ఉడుకుతుండగా చంటిది ఏడిస్తే ఎత్తుకుంది. అంతవరకు తెలుసు. తర్వాత తెలిసేసరికి పిల్లని చంకన వేసుకుని పెద్దకాలువ కట్ట మీద ఉంది. ఎర్రటి కొత్తనీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. ఇల్లు ఎప్పుడు దాటిందో, ఈ ఎత్తు ఎలా ఎక్కిందో, ఎందుకు వచ్చిందో తెలియదు. తెలియకపోవడమే ఆమెను భయపెట్టింది. ఇన్నాళ్ళూ తన ఒక్కదాని సంగతి అనుకుంది. చంకలో పిల్ల ఆమె పుస్తెలతాడు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. శివపార్వతి వెనక్కి తిరిగి, పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చి, పిల్లని అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"అత్తయ్యా, కొన్నాళ్ళు దీన్ని నా చేతికి ఇవ్వకండి."

తులసమ్మ కోడలి కాళ్ళకు అంటిన కట్ట మీది ఎర్రమట్టి చూసింది. లోపల అన్నం మాడుతున్న వాసన వస్తున్నా ఇద్దరూ కదలలేదు.

"ఎవరితోనూ అనకు" అంది తులసమ్మ. "ఆ డాక్టరుతో అసలే అనకు. పెద్దాసుపత్రికి రాసేస్తాడు. కమలమ్మ..."

"కమలమ్మగారు అక్కడ పోయారా అత్తయ్యా?"

తులసమ్మ పిల్ల వీపు నిమిరింది. "పోలా. బాగైంది. తీసుకెళ్ళమని రెండుసార్లు ఉత్తరం వచ్చింది. మీ మావగారు చదివి చూరులో దోపారు. ఎవరూ వెళ్ళలా. నేనూ వెళ్ళమని అన్లా. ఊరంతా పిచ్చిదాని ఇల్లనుకుంటారని... అదొక్కటే కాదులే. ఆవిడొస్తే ఆవిడ చాకిరీ కూడా నా మీద పడుద్దనుకున్నా. మూడో ఏడు పోయిందని కార్డు వచ్చింది."

శివపార్వతి గడప మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ తాను భయపడింది ఆ ఆసుపత్రి గోడలకి. కమలమ్మ ఆ గోడలు దాటడానికి సిద్ధమై, రెండు ఉత్తరాల పాటు గేటు వంక చూస్తూ కూర్చుంది.

"నేను రేపు రాయచూరు వెళ్తాను" అంది. "ఉండమంటే ఉంటాను. మీరు వస్తారా, నన్ను తీసుకురావడానికి?"

తులసమ్మ కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, చంటిదాని నెత్తి మీదే రాలనిచ్చింది.

మర్నాడు చెన్నకేశవరావు పొలానికి వెళ్ళాక, శివపార్వతి నింగమ్మను తోడు తీసుకుని సిరవారలో బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని డాక్టరుతో చెప్పవలసింది మనసులో వల్లె వేసుకుంది. నిద్ర సంగతి చెప్పవచ్చు. ఆకలి సంగతి చెప్పవచ్చు. చంటిదాన్ని చూస్తే ఏమీ అనిపించదని చెబితే ఏమనుకుంటాడో! కాలువ సంగతి సగం చెబితే? తానొక్కతే వెళ్ళినట్టు చెబితే? బస్సు ఆగిన ప్రతిచోటా ఒక్కొక్క మాట తీసేస్తూ వచ్చింది. రాయచూరు ముందు వచ్చే కల్మల దాటేసరికి టానిక్కు సీసాకి సరిపడేంతే మిగిలింది. అప్పుడు ఆమెకే భయమేసింది. ఇంతే చెప్పి, ఇంకో మాత్ర తెచ్చుకుని, మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికే తిరిగి వెళ్తుంది. పొయ్యి నుంచి కట్ట ఎంత దూరమో నిన్న తెలిసింది.

డాక్టరు ఎదుట కూర్చోగానే, వల్లె వేసిన వరస వదిలేసి, చివరిది ముందు చెప్పింది. "నిన్న మా పాపని ఎత్తుకుని కాలువ కట్ట ఎక్కానండీ. ఎందుకెక్కానో నాకు తెలియదు. మొదటిసారి మీరడిగినప్పుడు లేదన్నాను. ఉంది. నాలుగు నెలల నుంచి రోజూ ఉంది."

జయరామయ్య ఉలిక్కిపడలేదు, ఛీ అనలేదు. ఆమె ఏడవడం అయ్యేదాకా ఆగాడు.

"పెద్దాసుపత్రికి పంపుతారా?"

"పంపను. గంత అక్కర లేదు. ఒకవేళ అక్కర పడ్డా నీకు చెప్పకుండ పంపను. కాని ఇయ్యాల ఇంటికి గూడ పంపను తల్లీ. మాత్రల మోతాదు పెంచాలె, పక్కన మనిషి ఉండాలె. పైన మంచం ఖాళీగుంది. మూడు వారాలు ఉంటవా?"

"ఉంటాను" అంది. నర్సు పుస్తకం తెచ్చి, సంతకం చేసేవారి పేరుండే గడి చూపించి, ఇంటాయన రాలేదా అన్నట్టు తలుపు వైపు చూసింది. శివపార్వతి కలం తీసుకుని తన పేరు రాసింది.

చెన్నకేశవరావు మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. కాళ్ళకు బురద ఆరిపోయి ఉంది.

"ఇంకో నాలుగెకరాలు మిగిలాయి. అంతవరకు ఆగలేకపోయావా? ఇంట్లో మాత్రలు చాలని ఆయనే అన్నాడు!"

"ఆయనకి నేను అబద్ధం చెప్పాను కాబట్టి అన్నాడు."

"నాకేం తెలుసు? ఆయన అడిగితే లేదన్నావుగా!"

"ముందు మీరు లేదన్నారు. తర్వాత నేనన్నాను."

అతను ఏదో అనబోయి, పక్క మంచం మీదావిడ వింటోందని ఆగాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ దాన్ని అలాగే మొహం మీద ఉంచేశాడు. "అమ్మ చెప్పింది, కట్ట సంగతి" అన్నాడు చివరికి, తువ్వాలు లోపలి నుంచి.

మొదటి వారం ఆమె నిద్రే పోయింది. రెండో వారం అన్నానికి రుచి తెలిసింది. రోజూ డాక్టరు వచ్చి పావుగంట కూర్చునేవాడు, ఆమె మాట్లాడేది. మూడో వారం చివర తులసమ్మ చంటిదాన్ని ఎత్తుకుని, దారి పొడుగునా అడుగుతూ బస్సులో ఒక్కతే వచ్చింది. వెనక బస్సులో చెన్నకేశవరావు వచ్చాడు. వంటకి నింగమ్మ చుట్టాలావిడను పెట్టారట. పిల్ల తల్లిని గుర్తుపట్టి, చేతులు చాచి ముందుకు ఉరికింది. శివపార్వతి తీసుకుంది. గుండెలో ఏదో కదిలింది, చిన్నగా, తిమ్మిరెక్కిన కాలికి రక్తం పారినట్టు, నొప్పిగా.

జయరామయ్య చీటీ చూస్తూ అన్నాడు. "బాగున్నవు. ఇంట్ల నీ మీద బరువు పెట్టకుంటే ఇంటికి పోయి మాత్రలతోనే చూస్కోవచ్చు. లేదంటే ఇంకొక వారం ఉండొచ్చు. రెండు తీర్లా నడుస్తది."

"ఇంటికేనండీ" అన్నాడు చెన్నకేశవరావు.

"ఆమెను అడిగిన."

అందరూ ఆమె వైపు తిరిగారు. నిన్న పొద్దున ఒక్కసారి, చాలా కొద్దిసేపు, ఆ కాలువ నీళ్ళు కళ్ళముందు మెదిలాయి. ఆ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు. పిల్ల మెడకు తల ఆనించుకుని ఉంది. అత్తగారు ఆమె బట్టల మూట కట్టడానికి అప్పుడే చేతుల్లోకి తీసుకుంది. ఈ మూటతో ఇప్పుడే లేచి వెళ్ళిపోవాలని ఆమె ఒళ్ళంతా కోరుకుంటోంది.

నిన్న పొద్దుటి సంగతి చెప్పింది, గొంతు తగ్గించకుండా, అందరూ వింటుండగా. తర్వాత పిల్లని ముద్దుపెట్టుకుని అత్తగారికి అందించింది.

"నాకు ఇంటికి రావాలనే ఉంది" అంది భర్తతో. "వచ్చాక మళ్ళీ ఆ కట్ట ఎక్కకూడదు. అందుకే ఇంకో వారం ఉంటాను."