సాక్షి దిమ్మ

తెల్లవారగానే తట్ట తీసుకుని కందకంలోకి దిగుతున్న లూసియెకు, తమ ఊరి దిమ్మ దగ్గర జానెత్తో అనే మేస్త్రీ మనుషులిద్దరు కనిపించారు. ఒకడు దిమ్మ నెత్తి మీది గడ్డిని వేళ్లతో సహా చాపలా లేపి పక్కన పెట్టాడు. రెండోవాడు కింది మట్టిని జానెడు మందాన చెక్కేశాడు. తర్వాత ఇద్దరూ కలిసి గడ్డిని మళ్లీ పైన పరిచారు. పార వెనకవైపుతో తట్టి నీళ్లు చల్లారు.

గట్టు మీద నిలబడ్డ జానెత్తో ఆమెను చూశాడు.

"ఏంటలా చూస్తున్నావ్?"

"నీ వ్యవసాయం చూస్తున్నా. మా ఊళ్లో ఇంత పొద్దున్నే ఎవరూ నాట్లెయ్యరు."

"తట్ట లేపు. నోరు కాదు."

లూసియె తట్ట లేపింది. చూసింది మాత్రం మరిచిపోలేదు.

వెనిస్ ప్రభువులు తూర్పు సరిహద్దులో తొమ్మిది మూలల కోట కడుతున్నారు. టర్కీ సైన్యం మళ్లీ రాకుండా అన్నారు. అక్కడి ఫ్రియులీ సీమ పల్లెలన్నీ వెట్టికి రావాలని చాటింపు వేయించారు. కందకంలో ఊరికొక ముక్క కొలిచి ఇచ్చారు. తవ్వేవాళ్లు తమ ముక్క మధ్యలో ఒక మట్టి స్తంభాన్ని ముట్టుకోకుండా వదలాలి. దాని మీది గడ్డి, ఒకప్పుడు అక్కడున్న పొలం ఎత్తు. అదే సాక్షి దిమ్మ. శనివారం శనివారం గడ్డి నుంచి అడుగు దాకా తాడు వేసి చూస్తారు. రెండు నిలువుల లోతు తేలితే ఆ ఊరి వెట్టి తీరినట్టు. ఇంటికి పోవచ్చు. తేలకపోతే ఇంకా తవ్వాలి. ఎంత ఎక్కువ తవ్వితే, జానెత్తోను పెట్టుకున్న గుత్తేదారుకు అంత కూలి లేని పని.

లూసియె వాళ్ల ఊరు మొరార్‌కు లోతు తేలడం లేదు. తాడు వేసిన ప్రతిసారీ జానెడు తక్కువ వచ్చేది. చిత్తడి నేల, చెమ్మకు అడుగు ఉబ్బుతోందని ఊరిపెద్ద తీతె అన్నాడు. జనం నమ్మారు. ఒకరినొకరు సోమరులని తిట్టుకున్నారు. లూసియె భర్త యాకుం ఆ తిట్లు పడలేక జ్వరంతోనే దిగి తవ్వాడు. దిమ్మ పక్కనే పడిపోయి చనిపోయాడు.

ఊళ్లో జొన్న విత్తే అదను దాటిపోతోంది. కిందటేడు కూడా ఇలాగే దాటింది. చలికాలమంతా దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. లూసియె చిన్న కూతురు వసంతం దాకా బతకలేదు. పెద్దపిల్ల ఊళ్లో ముసలి అత్త దగ్గర ఉంది. ఈసారి కూడా విత్తనం పడకపోతే ఏమవుతుందో లూసియెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం జావ తాగే వేళకు మొరార్ వాళ్లు కందకంలోనే ఊరి కూటం పెట్టారు. పొయ్యికి, అంటే ఇంటికి, ఒక గొంతు. భర్త పోయిన ఇంట్లో ఆ గొంతు భార్యది. లూసియె నిలబడి చూసింది చూసినట్టు చెప్పింది.

తర్వాత బ్లాస్ లేచాడు. పెళ్లి కుదిరిన రోజే వెట్టికి లాక్కొచ్చిన కుర్రవాడు.

"వినపడిందా తీతె బాబాయ్? నేల ఉబ్బలేదంట. జానెత్తోగాడి పొట్ట ఉబ్బింది. పార ఇటియ్యండి, వాడి లోతెంతో నేను చూస్తా."

"కూర్చోరా. వాణ్ణి చంపితే రేపు ఇంకో జానెత్తో వస్తాడు. వాళ్ల దగ్గర బోలెడుమంది."

"మరి నోరు మూసుకుని తవ్వుదామా?"

"తవ్వొద్దు," అంది లూసియె. "దిమ్మ మీద కూర్చుందాం. మనిషి కూర్చున్న చోట పార ఎట్లా పెడతారో చూద్దాం. వాడు చెక్కిన జానెడు కలిపి తాడు వెయ్యమందాం. అంతకుముందు పోయిందాని సంగతి పోనీ. మనల్ని ఇంటికి పంపమందాం."

"యాకుం పోయిందీ పోనీ అంటావా, వదినా?"

"యాకుం రాడు. జొన్న వస్తుంది, ఇప్పుడు వేస్తే."

అందరూ చేతులెత్తారు. తీతె ఒక్క మాట కలిపాడు. దొరతో చెప్పి మొదలుపెట్టాలి. కూటం ఏం తీర్మానించినా పెద్దలు దొర ఎదుటికి పోయి, టోపీలు తీసి, ఎవరెవరు ఒప్పుకున్నారో పేరుపేరునా చెప్పడం తాతల నాటి పద్ధతి. చాటుగా చేసింది తీర్మానం కాదు, దొంగతనం.

"వాళ్లు గడ్డి కింద దాక్కుని దోస్తుంటే మనం పేర్లు చెప్పి పోవాలా?" అన్నాడు బ్లాస్.

"అవును. మనం దొంగలం కాదు గనక."

ఆ మాటకు లూసియె కూడా తలూపింది. ఆ తలూపడం ఆమెను బతికినంత కాలం వదల్లేదు.

కోట పనులు చూసే దొర గుడారం బయట నిలబడి విన్నాడు. సన్నటి మనిషి. ఎండకు కళ్లు చిట్లించాడు. జానెత్తో ఆయన పక్కనే ఉన్నాడు.

"దిమ్మ సర్కారుది. గడ్డి సర్కారుది. కొలత కొలతే," అన్నాడు దొర. "ఇంకో సంగతి మరిచిపోతున్నారు. టర్కీ వాళ్లొస్తే మిమ్మల్ని కాపాడేది ఈ కోటే."

"వాళ్లు మా తాత రోజుల్లో ఒకసారి వచ్చారు దొరా," అన్నాడు తీతె. "దోచుకున్నారు, పోయారు. మీరు పోవట్లేదు."

దొర గుమాస్తా కాగితం తీసి పేర్లు అడిగాడు. తీతె మొదట తన పేరు చెప్పాడు. తర్వాత బ్లాస్ పేరు, తక్కిన పొయ్యిల పేర్లు. లూసియె దగ్గరికి వచ్చేసరికి గుమాస్తా చెయ్యి ఊపాడు.

"ఆడదాని పేరెందుకు? చాలు."

ఆ రోజే తీతె దిమ్మ ఎక్కాడు. జనం చుట్టూ కూర్చున్నారు. మర్నాడు పక్క ముక్కలోని ఊరివాళ్లు వచ్చి తమ దిమ్మ మీది గడ్డిని పట్టి లాగారు. చాపలా లేచి వచ్చింది. వాళ్లూ ఒకణ్ణి ఎక్కించారు. మాట కందకం పొడుగునా పాకింది. ఎక్కడ గడ్డి లాగితే అక్కడ లేచింది. బురుజు తర్వాత బురుజు, పారలు ఆగిపోయాయి. గట్టు మీద నుంచి చూస్తే దిమ్మ దిమ్మకూ ఒక మనిషి కనిపించాడు.

దొర మనుషులు రొట్టె ఇవ్వడం ఆపేశారు. ఉన్న చిక్కుడు గింజలు ఊళ్లన్నీ కలిసి వండుకున్నాయి. లూసియె కుండ మోసుకుని ముక్కముక్కకూ తిరిగింది. బ్లాస్ జోకులు వేశాడు.

"వదినా, కోట లోపల ఊరు కడతారంట. వీధులు, నడుమ చౌకు. ఉండటానికొస్తే స్థలం ఊరికే ఇస్తారంట. ఎవడూ రాలేదు. నేనొస్తే పెద్ద దొరలా బతకొచ్చు."

"కాబోయే పెళ్లాం వస్తుందా?"

"అదే కబురు పెట్టి అడిగా. ఆ గోతిలో కంటే మా నాన్న పశువుల కొట్టం నయం అందంట."

నవ్వారు. ఆ కందకంలో అంతమంది కలిసి నవ్వడం లూసియె ఎప్పుడూ వినలేదు.

సైనికులు వచ్చారు గాని కందకంలోకి దిగలేదు. గట్టు మీద వరసగా నిలబడ్డారు. కాలవ నుంచి కందకానికి తవ్విన తూము దగ్గర జానెత్తో మనుషులు గడ్డపారలు తీసుకున్నారు. వాళ్లు ఏం చేస్తున్నారో ముందు తీతెకు అర్థమైంది.

"పైకెక్కండి! పిల్లలున్నవాళ్లు ముందు!"

నీళ్లు పరిగెత్తుకు రాలేదు. మెల్లగా వచ్చాయి. పాదాలు తడిసేదాకా ఇది బెదిరింపేనని చాలామంది అనుకున్నారు. తర్వాత మోకాళ్ల దాకా వచ్చాయి. పారలు, తట్టలు, జావ కుండలు తేలాయి. జనం నిచ్చెనల మీద పడ్డారు. పైకి వచ్చినవాళ్లను వచ్చినట్టు సైనికులు పక్కకు లాగారు.

దిమ్మలు పచ్చి మట్టివి. అడుగు నుంచి కరగసాగాయి. ఒక్కొక్కరే దూకి ఈదుకొచ్చారు.

తీతె దూకలేదు.

"బాబాయ్, దిగు!" లూసియె గట్టు మీద నుంచి అరిచింది. "ఇంకో దిమ్మ చేసుకుందాం, దిగు!"

"ఇదేనమ్మా మన పొలం ఎత్తు. ఇది పోతే ఎంత తవ్వామో ఎవరు చెప్తారు?"

దిమ్మ ఒక పక్కకు ఒరిగింది. ఆయన రెండు చేతులతో గడ్డి పట్టుకున్నాడు. గడ్డి ఊడి వచ్చింది. బ్లాస్ నీళ్లలోకి దూకి వెతికాడు. శవంతో పైకి వచ్చాడు. శవాన్ని నేల మీద పెట్టనిచ్చి, అప్పుడు సైనికులు బ్లాస్ చేతులు కట్టారు.

గుమాస్తా వచ్చి పేర్లు పిలిచాడు. వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. మొరార్ వాళ్లవన్నీ తీతె చెప్పినవే. తక్కిన ఊళ్లూ అదే పద్ధతిలో చెప్పుకున్నాయి. తీతె పేరు పిలిచినప్పుడు ఎవరూ పలకలేదు. గుమాస్తా మళ్లీ పిలిచాడు.

"అక్కడ పడుకున్నాడు. లేపుకో," అన్నాడు బ్లాస్.

వాళ్లందరినీ ఓడల్లో తెడ్లు వేసే శిక్షకు పంపారు. తిరిగి వచ్చినవాళ్లు లేరు. లూసియె పేరు ఎవరూ పిలవలేదు. మిగిలినవాళ్లతో పాటు ఆమె నీళ్లు తోడింది, బురద మోసింది. ఆ ఏడు మొరార్‌లో జొన్న పడలేదు. చలికాలంలో పెద్దపిల్ల పోయిందని కబురు వచ్చింది. అత్త కబురు తర్వాత వచ్చింది. ఇక ఊరికి పోవాల్సిన పని లూసియెకు లేకపోయింది.

కందకంలో ఇకమీదట దిమ్మలు వదలకూడదని దొర ఉత్తర్వు ఇచ్చాడు. లోతు తేలిందా లేదా అన్నది ఇక మేస్త్రీ నోటి మాట.

వసంతంలో కొండల నుంచి కొత్త జనాన్ని తోలుకొచ్చారు. వాళ్ల భాష వేరు. లూసియె పక్కన తట్ట మోసే నేజా అనే ఆమెకు ఇక్కడి మాటలు కొన్ని తెలుసు.

"అక్కా, ఎప్పుడు పంపుతారు?"

"మేస్త్రీ చాలన్నప్పుడు."

"ఎప్పుడు చాలంటాడు?"

"అనడు."

మోస్తూ మోస్తూ లూసియె ఆమెకు అంతా చెప్పింది. దిమ్మ గురించి, గడ్డి గురించి, తూము గురించి. పేర్ల సంగతి రెండుసార్లు చెప్పింది. నేజా తనవాళ్లకు తమ భాషలో చెప్పింది. వాళ్లు ఏమన్నారో లూసియెకు అర్థం కాలేదు.

కొన్నాళ్లకు జానెత్తో మధ్యాహ్నం వేళ కందకంలోకి దిగి ఆగిపోయాడు. కొండవాళ్ల ముక్క నడుమ ఒక దిమ్మ ఉంది. అప్పటిదాకా తవ్విన లోతు, మోకాలెత్తు. దాని నెత్తిన గడ్డి ఉంది.

"ఎవడు వదిలాడు దీన్ని?"

జావ కుండ ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయింది.

"పేరు చెప్పండి. ఎవడు?"

వాళ్లు జావ తాగుతూనే ఉన్నారు. నేజా తట్ట దించి, వెళ్లి దిమ్మ మీద కూర్చుంది. పక్కన చోటు లేకపోయినా లూసియె వెళ్లి ఆమె భుజాన్ని ఆనుకుని నిలబడింది. తర్వాత ఒక ముసలాయన లేచాడు. తర్వాత మిగతావాళ్లు.

జానెత్తో తూము వైపు చూశాడు. వాళ్లు కూడా చూశారు. అది ఎక్కడుందో అందరికీ తెలుసు.

ఎవరూ కదల్లేదు.