బ్యాటుకు బొట్టు

మా ఆయన శశికాంత్‌కు వేలంపాటల పిచ్చి. పాతకాలపు ఇంగ్లీషు మ్యాపులు, పింగాణీ కప్పులు, ఆటసామాన్లు ఎక్కడ వేలానికి వస్తే అక్కడ వాలిపోతాడు. జర్మనీలోని ఎష్‌బోర్న్‌లో మాది రెండు గదుల ఇల్లు. సోఫా కొందామంటే జాగా లేదంటాడు. రెండొందల ఏళ్ళనాటి బంగాళాఖాతానికి మాత్రం గోడ మీద జాగా దొరుకుతుంది. షోకేసు నిండా పూలపూల కప్పులు, వాటిలో టీ తాగకూడదు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న సామెత మా ఇంటిని చూసే పుట్టి ఉంటుంది.

కిందటి వసంతంలో ఒక వేలానికి నన్నూ లాక్కుపోయాడు. చనిపోయిన ఒక ఇంగ్లీషావిడ ఇంటి సామాను అది. శశి మ్యాపు కోసం వెళ్ళాడు. దాన్ని ఎవరో తన్నుకుపోయారు. ఉత్త చేతుల్తో తిరిగొస్తే నామోషీ అనుకున్నాడో ఏమో, ఒక పాత క్రికెట్ బ్యాటు పాడుకున్నాడు. ఆడపిల్లలు ఆడే చిన్న బ్యాటు. దాని మీద సిరాతో ఒక జట్టు మొత్తం సంతకాలు చేసింది.

దాన్ని కాగితంలో చుట్టిస్తుంటే టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పేరు వీగాండ్, ఇక్కడి మర్యాదలో హెర్ వీగాండ్. ఆ ఇంగ్లీషావిడ, డాఫ్నీ, ఆయన భార్య. పెళ్ళికి ముందు తన ఊళ్ళో ఆడపిల్లల జట్టులో ఆడేదట. ఈయన్ని చేసుకుని జర్మనీ వచ్చాక ఆవిడతో ఆడేవాళ్ళే లేకపోయారు. ఇప్పుడు ఆయన ఇల్లు ఖాళీ చేసి వృద్ధాశ్రమంలో ఒక గదికి మారుతున్నాడు. అన్నీ తీసుకెళ్ళడానికి కుదరదు.

"మీకు అభ్యంతరం లేకపోతే అప్పుడప్పుడూ వచ్చి దీన్ని చూసుకోవచ్చా?" అని అడిగాడు. భార్య పుణ్యమా అని ఆయన ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు.

"ఎప్పుడైనా రండి. ఉన్నది ఉన్నట్టే ఉంచుతాను," అన్నాడు శశి.

అప్పటినుంచీ ప్రతినెలా మొదటి ఆదివారం ఆయన వృద్ధాశ్రమం ఉన్న బాడ్ జోడెన్ నుంచి ఎస్-బాన్ రైల్లో వచ్చేవాడు. శశి నూలు చేతితొడుగులు ఇచ్చేవాడు. అవి తొడుక్కుని, బ్యాటు ఒళ్ళో పెట్టుకుని, డాఫ్నీ కబుర్లు చెప్పేవాడు. నా ఉల్లి పకోడీలు ఫోర్కుతో తినేవాడు. తిట్టి తిట్టి చేత్తో తినడం నేర్పించాను. ఈ దేశంలో మా గుమ్మం తొక్కే పెద్దదిక్కు ఆయనొక్కడే. ఆ ఆదివారాల కోసం నేను కూడా ఎదురుచూసేదాన్ని. శశికి ఈ సంగతి చెప్పలేదు, చెబితే ఇంకో నాలుగు బ్యాట్లు కొంటాడు.

దసరా వచ్చింది. ఇక్కడ దసరాకు సెలవా పాడా? శశి ఆఫీసుకు పోయాడు. నేను ఇంటి నుంచే పని చేస్తూ, మధ్యలో ఒక మీటింగు ఎగ్గొట్టి ఆయుధపూజ పెట్టుకున్నాను. లాప్‌టాపు, కారు తాళం, మిక్సీ, కత్తిపీట, శశి స్క్రూడ్రైవర్లు, అన్నీ వరసగా పేర్చాను. ఆ చేత్తోనే గోడ మీది బ్యాటు కూడా దించాను. తడి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, హారతిచ్చి దణ్ణం పెట్టుకున్నాను. ముచ్చటగా ఉంది.

సాయంత్రం శశి తలుపు తీసుకుని వచ్చినవాడు వచ్చినట్టే ఆగిపోయాడు.

"ఏంజేసినవ్ సంయుక్తా!"

"పూజ చేసిన. ఏమైంది?"

"అది పనిముట్టా? దానికెందుకు పెట్టినవ్?"

"మరేంది, దేవుని పటమా? మా అన్న హన్మకొండల దసరాకు బ్యాటుకు బొట్టు పెట్టకుండ ఎన్నడన్న మ్యాచుకు పోయిండా?"

శశి దూది తెచ్చి తుడవబోయాడు. ఏళ్ళ తరబడి ఎండిన కట్టె, పసుపునీళ్ళు ఎప్పుడో తాగేసింది. తుడిచిన కొద్దీ సిరా కూడా కదిలింది. చూస్తుండగానే డాఫ్నీ పేరులో సగం పచ్చటి మరకలో కలిసిపోయింది. శశి చెయ్యి తీసేశాడు.

"ఆయనకేం చెప్పాలె సంయుక్తా? ఉన్నది ఉన్నట్టే ఉంచుత అని మాటిచ్చిన."

వస్తువు విలువ పోయిందని తిట్టి ఉంటే నేనూ తిరిగి నాలుగు అంటించేదాన్ని. ఆ పెద్దాయన ఊసెత్తేసరికి హారతి పళ్ళెం తీసి పక్కన పెట్టాను. ఆ చేతిరాత మళ్ళీ ఎవరు రాస్తారు? ఎవరో ఒక ముసలాయన నమ్మి అప్పజెప్పిన జ్ఞాపకాన్ని భక్తిగా, దగ్గరుండి చెరిపేశాను. మరకలు తీసే నిపుణుల్ని శశి వాకబు చేశాడు. ఫొటో చూసి వాళ్ళూ పెదవి విరిచారు. ఈ నెల రావద్దని, మేము ఊళ్ళో ఉండటం లేదని ఆయనకు ఫోను చేద్దామన్నాడు శశి. వద్దన్నాను. చేసింది నేను, చెప్పేదీ నేనే. కానీ లోపల ఒకటే గుబులు. ఇది చూశాక ఆయన ఇంక రాకపోతే?

ఆదివారం ఆయన ఆలస్యంగా వచ్చాడు. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ, రొప్పుతూ పైకి ఎక్కాడు. అంత నీరసంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. కూర్చోకముందే చెప్పేశాను. మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా చెప్పాను, అంత భయంగా ఉంది.

చేతితొడుగులు ఇవ్వడం శశి మరిచిపోయాడు. ఆయన బ్యాటును ఉత్త చేతుల్తో అందుకున్నాడు. మిగిలిన సగం పేరు మీద వేలు పెట్టి, మరక మీదుగా చివరిదాకా జరిపాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను శశి వెనక్కి జరిగాను.

"ఎందుకు పెట్టారు?" అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకుందామని.

"మా కోసం పనిచేసే వస్తువులకు ఏడాదికొకసారి మొక్కుతాం. అవి లేకపోతే మాకు గడవదు కదా. మొక్కేటప్పుడు బొట్టు పెడతాం. దీన్ని వదిలేస్తే చిన్నబుచ్చుకుంటుందనిపించింది." "క్షమించండి. ఆవిడ పేరు పాడుచేశాను."

ఆయన కుర్చీలో కూర్చుని బ్యాటు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పేరు పోయినందుకు బాధగానే ఉంది. లేదని అబద్ధం చెప్పను," అన్నాడు. "కానీ డాఫ్నీ దీనికి ఏటా నూనె రాసేది. ఆడేది లేదు కదా, ఎందుకని నేను నవ్వేవాణ్ణి. ఆవిడ పోయాక పాడవుతుందన్న భయంతో ఉత్త చేత్తో ముట్టుకోవడం మానేశాను. మళ్ళీ ఇప్పుడే దీని మీద ఒకరి చెయ్యి పడింది."

బ్యాటును పక్కన పెట్టి శశి వైపు తిరిగాడు. ఏదో అడగడానికి మొహమాటపడుతున్నాడు.

"కింద, మెట్ల దగ్గర పిల్లల బండ్లుంటాయి చూడండి. వాటి వెనక నాది ఒకటి ఉంది. తెచ్చిపెడతారా?"

శశి వెళ్ళి తెచ్చాడు. నాలుగు చక్రాల రోలేటర్. ముసలివాళ్ళు పట్టుకుని నడిచే బండి. కొత్తది, బ్రేకుకు చీటీ కూడా ఇంకా వేలాడుతోంది.

"పోయిన నెల పడ్డాను. ఇక ఇది లేకుండా నడవొద్దని డాక్టరు చెప్పాడు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మీరు చూడకూడదని దాచాను. రోజూ దీన్ని తిట్టుకుంటున్నాను. కానీ నా కోసం పనిచేస్తున్నది ఇదొక్కటే. దీనికి కూడా పెడతారా?"

శశి నా వైపు చూశాడు. "దసరా అయిపోయింది గద?" అన్నాడు తెలుగులో.

"కొత్త బండికి దసరా ఏంది, పండుగేంది? పళ్ళెం తే."

పసుపు కుంకుమల పళ్ళెం శశే పట్టుకున్నాడు. చీటీ తెంపేసి, పిడికి పసుపు రాసి, ముందు భాగాన బొట్టు పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయ పెట్టి తొక్కిద్దామంటే ఇంట్లో ఒక్కటీ లేదు. హెర్ వీగాండ్ మమ్మల్ని చూసి చేతులు జోడించాడు. తరువాత పిడిని మెల్లిగా తట్టి "డాంకె" అని జర్మన్‌లో థాంక్స్ చెప్పాడు. మాకు కాదు, దానికి.

వెళ్ళేటప్పుడు స్టేషన్ దాకా తోడొస్తానని శశి చెప్పులు వేసుకున్నాడు. ఆయన టోపీ సర్దుకుని తల అడ్డంగా ఊపాడు.

"అక్కర్లేదు. మేమిద్దరం వెళ్తాం."

కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాం. వీధి మధ్యగా, ఎవరి నుంచీ దాచకుండా, బొట్టు పెట్టిన బండిని తోసుకుంటూ వెళ్తున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.