కవరు చింపని మొక్కలు

తొట్లమ్మ ఒక తొట్టి సర్దిందంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసి తీరాల్సిందే. వెనక నిటారుగా ఒక పొడుగు మొక్క, మధ్యలో ఒక గుబురు, ముందు అంచు మీంచి కిందికి జారే తీగ ఒకటి. అన్నీ ఒకేలా ఎండ కోరాలి, ఒకేలా నీళ్ళు తాగాలి. బ్యాంకు గుమ్మంలోనూ పళ్ళ డాక్టరు వరండాలోనూ ఆవిడ తొట్లే. అయితే లోపల చిన్న కిటుకుంది. మొక్కల్ని నల్ల కవర్లలోంచి తియ్యదు. కవరుతో సహా దింపి, పైన ఇంత మట్టి కప్పేస్తుంది. ఏది వాడిపోతే దాన్ని చటుక్కున లాగేసి, ఇంకోటి పెట్టెయ్యొచ్చు. వేళ్ళు పాపం కవర్లోనే గింగిరాలు తిరుగుతుంటాయి. పైకి చూసేవాడికి అదంతా ఎక్కడ తెలిసి చచ్చింది?

ఏడు నెలల కిందట, నలభై మూడో ఏట, ఈవిడ ఒక లిఫ్టు మెకానిక్కుని పెళ్ళాడింది. ఆయనకిది రెండో పెళ్ళి. ఆరడుగుల మనిషి, నోట్లో నాలుక లేదు. ఆ లోటంతా ఆయన తల్లి తీర్చేస్తుంది. ఆయనకి మొదటి భార్య వల్ల పదకొండేళ్ళ కూతురుంది, ఇన్నాళ్ళూ అమ్మమ్మగారింట్లో పెరిగింది. ఆ పిల్ల వీపున ఎప్పుడూ స్కూలు బ్యాగు. ఎప్పుడూ అంటే ఎప్పుడూనండీ! అన్నం తింటున్నా అదే, టీవీ చూస్తున్నా అదే. పడుకున్నా దాన్ని దించదు, తాబేలులా బోర్లా పడుకుంటుంది.

"కాసేపు దించరాదూ, భుజాలు నొప్పెట్టవూ?" అని తొట్లమ్మ పొయ్యి ముందు నిలబడి, తన హ్యాండుబ్యాగు భుజం మీదకి సర్దుకుంటూ అడిగేది.

"పర్లేదాంటీ. వెళ్ళేటప్పుడు మళ్ళీ వెతుక్కోవాలి" అనేది పిల్ల.

వెళ్ళడం అంటే అమ్మమ్మగారింటికి. ఈ ఆదివారం ఆవిడ కారు తీసుకుని వస్తుంది. ఇక్కడ కుదురుకోకపోతే వెళ్ళిపోవచ్చని తండ్రి మాటిచ్చేశాడు. ఆ ఆదివారం గుర్తొస్తే చాలు, తొట్లమ్మకి ముద్ద దిగడం లేదు. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా రోజూ బాల్కనీ తొట్లకి నీళ్ళు పోస్తుంది. మందులు వేసుకోమని నానమ్మకి గుర్తుచేస్తుంది. ఉండిపోవే తల్లీ అని కాళ్ళు పట్టుకోవాలనిపించేది తొట్లమ్మకి. నోరు పెగిలేది కాదు.

ఇలా ఉండగా అపార్ట్‌మెంటు సంఘంవాళ్ళు ఉత్తమ మిశ్రమ తొట్టి పోటీ పెట్టారు. కోడలి పనితనం తెలిసిన అత్తగారు ఫారం తనే నింపి పడేసింది. శనివారం పొద్దున్నే పరీక్షకుడు దిగాడు. రిటైరైన తోటల అధికారి. చేతిలో టేపు, చెవి మీద పెన్సిలు.

తొట్లమ్మ ఆయన్ని బాల్కనీలోకి తీసుకెళ్ళబోయింది.

"అక్కడెందుకమ్మా?" అంటూ ఆయన ఫారం చదివాడు. "తొట్టి: హాల్లో సోఫా. మొక్కలు: కొడుకు, కోడలు, మనవరాలు, నేను. ఇదేగా మీ దరఖాస్తు?"

తొట్లమ్మ తెల్లబోయింది. "అత్తయ్యా! ఇదేం పని?"

"ఏం, తప్పేముంది?" అంది అత్తగారు. "మీ ఆయనేమో పొడుగు, నువ్వేమో గుబురు. నేను ఎలాగూ ఈ మోకాళ్ళతో కూర్చుంటే ముందుకి జారిపోతూనే ఉంటాను. ఇంతకన్నా మంచి తొట్టి ఈ బిల్డింగులో ఎవరికుందో చెప్పు!"

"పొరపాటైపోయిందండీ, కొట్టెయ్యండి" అని తొట్లమ్మ బతిమాలింది.

"ఫారం మీద ముద్ర పడ్డాక తనిఖీ చెయ్యక తప్పదమ్మా. కూర్చోండి."

చచ్చినట్టు కూర్చున్నారు. మెకానిక్కు సోఫా వెనక నిలబడ్డాడు. పరీక్షకుడు టేపు తీసి మొదట సోఫాని కొలిచాడు, తర్వాత ఆయన్ని కొలిచాడు.

"తొట్టి మూడడుగులు, మొక్క ఆరు. భేష్. నీళ్ళు?"

"అందరం కాఫీయేనండీ" అంది అత్తగారు. "చిన్నదానికి పాలు ఎక్కువ."

"ఎండ?"

"కరెంటు పోతే అందరం కలిసే బాల్కనీలోకి పోతాం."

ఆయన రాసుకున్నాడు. మెకానిక్కు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పరీక్షకుడు తన కొమ్మలేమన్నా కత్తిరించాలంటాడేమోనని భయపడ్డాడట, తర్వాత చెప్పాడు.

"ఇక వేళ్ళ పరీక్ష" అన్నాడు పరీక్షకుడు చేతులు దులుపుకుంటూ. "ఈ మధ్య కొందరు కవర్లతో సహా దింపేసి మోసం చేస్తున్నారు. పట్టుకుని లాగితే బండారం బయటపడుతుంది."

తొట్లమ్మ బాల్కనీలోని తన తొట్లకేసి చూసి, చటుక్కున చూపు తిప్పేసుకుంది.

ఆయన మెకానిక్కు కాలరు పట్టి పైకి లాగాడు. మనిషి కదల్లేదు. అత్తగారి శాలువా పట్టి లాగాడు. సోఫా ఒక కాలు లేచింది గానీ ఆవిడ లేవలేదు. తర్వాత పిల్ల బ్యాగు పట్టీ మీద రెండు వేళ్ళు వేశాడు. అలా లాగీ లాగకముందే పిల్ల లేచి నిలబడింది, తలుపుకేసి రెండడుగులు కూడా వేసింది.

"కవరుంది" అని ఆయన గొణిగి రాసుకున్నాడు.

తొట్లమ్మకి ఒళ్ళు మండిపోయింది. "చిన్నపిల్లండీ! దాన్ని అనడానికి మీకు నోరెలా వచ్చింది? మేం పెద్దవాళ్ళం పాతుకుని లేమూ ఇక్కడ?"

"చూద్దాం" అని ఆయన ఆవిడ భుజం మీది హ్యాండుబ్యాగు పట్టుకుని లాగాడు. తొట్లమ్మ దూదిపింజలా లేచొచ్చింది.

ఏడు నెలలుగా వంట చేస్తున్నా బట్టలు ఆరేస్తున్నా ఆ బ్యాగు తన భుజానే వేలాడుతోందని ఆవిడకి ఆ క్షణం దాకా తట్టనే లేదు. సిగ్గుతో తల దించుకుంది.

"రెండు మొక్కలు కవర్లతో సహా. అనర్హం" అని పరీక్షకుడు ముద్ర వేసి, ఇచ్చిన కాఫీ తాగేసి మరీ వెళ్ళాడు. అత్తగారు వీధి మలుపుదాకా వినపడేలా శాపనార్థాలు పెట్టింది.

పిల్ల మాత్రం తొట్లమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆంటీ, మీరు కూడానా? ఏముంది అందులో?"

తొట్లమ్మ జిప్పు తీసి సోఫా మీద గుమ్మరించింది. టూత్‌బ్రష్షు, దువ్వెన, మడతపెట్టిన నైటీ, పెళ్ళికి ముందున్న అద్దెగది తాళంచెవి. "నేనూ ఇక్కడ ఇమడనేమోనని భయమే తల్లీ" అంది. "నువ్వు వెళ్ళిపోతే మాత్రం అస్సలు ఉండలేను. ఆ మాట చెప్పడం చేతకాలేదు."

పిల్ల ఆ తాళంచెవి కేసి చూసింది. తర్వాత బ్యాగు దించి తనూ గుమ్మరించింది. టూత్‌బ్రష్షు, సబ్బుపెట్టె, నైటీ. రెండు నైటీలూ పక్కపక్కన పడేసరికి ఆ పిల్లకి నవ్వాగలేదు. ఈ ఇంట్లో అది నవ్వడం అదే మొదలు.

ఆదివారం పొద్దున కారు హారను మోగింది. తొట్లమ్మ పిల్లని లేపడానికి వెళ్తే పక్క ఖాళీ. బాత్రూము వైపు పరిగెత్తింది. పిల్ల అద్దం ముందు స్టూలెక్కి, గ్లాసులో బ్రష్షులు సర్దుతోంది. నాన్నది నిటారుగా వెనక్కి పెట్టింది. తొట్లమ్మ పీచు రేగిన బ్రష్షుని మధ్యలో గుచ్చింది. తనది అంచు మీంచి ముందుకి వాల్చింది.

హారను మళ్ళీ మోగింది.

"అమ్మమ్మని పైకి రమ్మనండి, కాఫీ తాగి వెళ్తుంది" అంది పిల్ల తల తిప్పకుండా. "ఇది సరిగ్గా ఉందా?"

తొట్లమ్మ గ్లాసులోకి వంగి, మూడు బ్రష్షుల్నీ ఒక్కొక్కటిగా కాస్త లాగి చూసింది.