గుండీల డబ్బా

సాయంత్రం కుట్టుషాపు మూసి ఇంటికొచ్చిన కోటు మాస్టారు చెప్పులు విడిచేలోపే భార్య ఎదురొచ్చేది. మొహంలో మొహం పెట్టి, "ఏదీ, ఆ అనండి" అనేది. ఆయన బుద్ధిగా "ఆ" అనేవాడు. ఆవిడ వాసన చూసి, ఏమీ దొరకనందుకు ఇంకాస్త అనుమానంగా మొహం పెట్టుకుని లోపలికి పోయేది. పెళ్ళైన కొత్తలో కూడా ఆవిడ ఆయనకు అంత దగ్గరగా వచ్చింది లేదు, అదీ గుమ్మంలో, ఎదురింటివాళ్ళు చూస్తుండగా.

మొదటి తప్పు ఆయనదే, అందులో దాపరికం లేదు. షుగర్ ఉందని తేలిన కొత్తలో, ఇంట్లో చక్కెర లేని టీ తాగి పెద్ద త్యాగమూర్తిలా నిట్టూర్చి, షాపులో గుండీల డబ్బా అడుగున చాక్లెట్లు దాచుకున్నాడు. ఒకరోజు బావమరిది చొక్కా గుండీ ఊడిందని వచ్చి, తనే డబ్బాలో చెయ్యి పెట్టి కెలికాడు. దొరికినవి గుండీలు కావు. బావమరిది నోట్లో నువ్వుగింజ నానదు. మాస్టారు ఇంటికొచ్చేసరికి సంగతి ముందే చేరిపోయింది.

ఆవిడ ఆ రోజు తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక మాస్టారు నిజంగానే నోరు కట్టేసుకున్నాడు. మాత్రలు ఒక్కటే చాలవని డాక్టరు ఇన్సులిన్ కూడా మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు షుగర్ దారికొచ్చింది. తర్వాత మెల్లగా మళ్ళీ పాకడం మొదలుపెట్టింది. డాక్టరు మోతాదు పెంచాడు, అది పాకింది. ఇంకా పెంచాడు, ఇంకా పాకింది. మధ్యలో ఎప్పుడైనా ఉన్నట్టుండి షుగర్ పడిపోయి ఒళ్ళంతా చెమటలు పట్టేవి. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

"మాత్రలు వేసుకుంటున్నారు, సూది వేసుకుంటున్నారు, అయినా పెరుగుతోందంటే తిండి దగ్గరే ఏదో జరుగుతోంది. ఇలాగే పోతే దెబ్బ కళ్ళకి తగులుతుంది" అన్నాడు డాక్టరు.

భార్య మాస్టారు వైపు చూసింది. ఆ చూపు ఆయనకు సూదికన్నా లోతుగా దిగింది.

"నేనేం తినడం లేదు" అన్నాడు దారిలో.

"అప్పుడూ ఇలాగే అన్నారు" అంది ఆవిడ.

అప్పుడు కూడా అచ్చం ఇలాగే, ఇదే గొంతుతో, ఇంతే అమాయకంగా అన్నాడు. ఒకసారి అబద్ధం చెప్పిన నోటితో నిజం చెప్పడం ఎంత కష్టమో మాస్టారుకి ఇప్పుడు తెలిసొచ్చింది. కళ్ళ భయం ఉంది, లేకపోలేదు. సూదిలో దారం ఎక్కించడానికి ఈమధ్య రెండు మూడుసార్లు తడుముకుంటున్నాడు కూడా. కానీ ఆయన్ని లోపల తొలిచేస్తున్నది అది కాదు. ఇంత కడుపు మాడ్చుకుని కూడా, కట్టుకున్నదాని దగ్గర దొంగలా నిలబడాల్సి వస్తోంది. ఆవిడ ఒక్కసారి నమ్మితే చాలు, మిగతాది ఎలాగోలా ఈదుకొస్తాననుకున్నాడు.

మర్నాడు ఆవిడ తమ్ముణ్ణి వెంటేసుకుని షాపుకే వచ్చింది. మాస్టారు అప్పుడు ఒక పట్టు కోటు మెడ విప్పి మళ్ళీ కుడుతున్నాడు. పట్టు మీద సూది దిగిన చోటు మానదు. పక్కన గుచ్చితే రెండో మచ్చ. అందుకని పాత రంధ్రం వెతికి, సూదిని మళ్ళీ అందులోంచే పంపాలి. ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడు. విప్పి కుట్టిన మెడను ఎండలో పెట్టి చూసినా ఎవరూ కనిపెట్టలేరు.

"డబ్బా ఏదీ?" అంది ఆవిడ.

ఆయన అందించాడు. ఆవిడ దాన్ని నేలమీద బోర్లించింది. తెల్లవి, నల్లవి, ఇత్తడివి గలగలమంటూ షాపంతా దొర్లాయి. గుండీలు తప్ప ఏమీ లేవు.

"ఇంకో డబ్బా చూసుకుని ఉంటాడక్కా" అన్నాడు బావమరిది, ఊరుకోలేక.

"నువ్వు నోర్మూయరా!" అంది ఆవిడ. కానీ వెళ్తూ వెళ్తూ అరలవైపు ఒక చూపు చూసే వెళ్ళింది. మాస్టారు నేలమీద కూర్చుని ఒక్కొక్క గుండీ ఏరుకున్నాడు. ఏరుతుంటే కళ్ళు మసకబారాయి. అది షుగర్ వల్ల కాదు.

తర్వాతిసారి వెళ్ళినప్పుడు ఆస్పత్రిలో కొత్త నర్సు ఉంది. చిన్న పిల్ల, నవ్వు మొహం. రక్తం తీసి ఊరుకోకుండా, "బాబాయ్ గారూ, సూది ఎలా వేసుకుంటారో ఒకసారి చూపించండి" అంది.

సూది సంగతి ఎత్తగానే మాస్టారుకి హుషారొచ్చింది. చొక్కా ఎత్తి బొడ్డు పక్కన వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడే. మొదలుపెట్టిన రోజునించి ఒక్కటే చోటు. ఒళ్ళంతా తూట్లు పడకుండా పాత రంధ్రంలోంచే దింపుతాను. మొదట్లో చురుక్కుమనేది, ఇప్పుడు అసలు తెలియనే తెలియదు. కత్తెర పట్టే వేలికి కాయ కాసినట్టు అలవాటైపోయింది."

నర్సు నవ్వబోయి ఆగింది. ఆ చోట వేళ్ళు పెట్టి నొక్కింది. చర్మం కింద మెత్తగా, బిళ్ళలా ఒక గడ్డ తగిలింది.

"ఒళ్ళు పట్టుగుడ్డ కాదు బాబాయ్. ఒకేచోట పొడిస్తే లోపల ఇలా గడ్డ కడుతుంది. మందంతా ఇందులోనే ఇరుక్కుపోతుంది, రక్తంలోకి సరిగ్గా వెళ్ళదు. ఎప్పుడు ఎంత వెళ్తుందో కూడా చెప్పలేం. చీటీలో రాసిన ఆ చెమటలు పట్టింది కూడా అందుకే అయ్యుండొచ్చు. రోజూ చోటు మార్చాలి. ఈ గడ్డ జోలికి మాత్రం కొన్నాళ్ళు పోకండి."

డాక్టరు వచ్చి తనూ నొక్కి చూశాడు. "మోతాదు పెంచుకుంటూ పోయానుగానీ ఒక్కసారైనా చొక్కా ఎత్తమనలేదు" అన్నాడు. కొత్త చోట మందు పూర్తిగా పనిచేస్తుందని మోతాదు తగ్గించి, కొన్నాళ్ళు ఎక్కువసార్లు పరీక్ష చేసుకోమన్నాడు.

వెంటొచ్చిన భార్య చేతులు ఒళ్ళో పెట్టుకుని బల్లమీద కూర్చుంది. గెలిచానని మాస్టారుకేమీ అనిపించలేదు. ఇన్నాళ్ళూ ఆవిడ తన కళ్ళకోసం భయపడి ఎంత నిద్ర పోగొట్టుకుందో ఆయనకు తెలుసు.

ఇంటికెళ్ళాక ఆవిడ ఆయన సంచిలోంచి సుద్దముక్క తీసింది. "చొక్కా ఎత్తండి" అంది. గడ్డను వదిలేసి, పొట్ట మీద అటూ ఇటూ దూరదూరంగా గుర్తులు పెట్టింది. చక్కిలిగిలి పుట్టి ఆయన మెలికలు తిరిగాడు. "కోటుకి కొలతలు తీస్తున్నావా?" అంటే ఆవిడ నవ్వలేదు.

షుగర్ ఒక్కరోజులో దిగలేదు. దిగడం మాత్రం మొదలుపెట్టింది. మీటరులో అంకె చూసినప్పుడల్లా ఆవిడ అదోలా మాస్టారు మొహంలోకి చూసి, చూపు తిప్పేసుకునేది.

ఒక సాయంత్రం ఆయన షాపు మూసి వచ్చేసరికి ఆవిడ గుమ్మంలోనే ఉంది. దగ్గరికొచ్చింది. మాస్టారు ఒక చెప్పు విడిచి, అలవాటు ప్రకారం మొహం ముందుకు పెట్టి "ఆ" అన్నాడు.

ఆవిడ అరచెయ్యి ఆయన నోటికి అడ్డం పెట్టింది.

"మూయండి" అంది. "తినలేదని ఒక్కసారి గట్టిగా చెప్పకపోయారా?"

ఆయన ఆవిడ చెయ్యి మెల్లగా తప్పించాడు. "చాలాసార్లు చెప్పానే. చెప్పినప్పుడల్లా నువ్వు వాసన చూశావు."

ఆవిడ ఏడ్చింది. ఎదురింటివాళ్ళు చూస్తున్నారు. అయినా ఆవిడ మొహం పక్కకు తిప్పుకోలేదు, ఆయన భుజానికి ఆనించుకుంది. మాస్టారు ఒక కాలికి చెప్పుతోనే అలా నిలబడిపోయాడు.