గిన్నె మీద పేరు

చెత్తకుప్పలో సామాను పారబోయడానికి బరువు లెక్కన కట్టాలి. నా పర్యావరణ ప్రేమ అక్కడ మొదలైంది. ట్రక్కు కాటా ఎక్కినప్పుడల్లా టన్నుకింతని డబ్బు వదులుతుంటే, ఒక ఇంట్లోంచి తీసిన సామానులో సగం అసలు చెత్తే కాదని, ఇళ్ళు ఖాళీ చేసిపెట్టే వ్యాపారం మొదలెట్టిన మూడో నెలకి నాకు అర్థమైంది. పరుపు చీరితే స్ప్రింగుల ఇనుము వేరు, దూది వేరు. ఫ్రిజ్‌లో గ్యాసు లాగించేస్తే మిగిలింది పాత ఇనుమే. బల్లలు, కుర్చీలు ధర్మానికి నడిపే పాత సామాన్ల కొట్టువాళ్ళు సంతోషంగా తీసుకుంటారు. సోఫాలు చుట్టడానికి ప్లాస్టిక్ బదులు పాత దుప్పట్లు వాడాను. అట్టపెట్టెల బదులు, కడిగి మళ్ళీ వాడుకునే క్రేట్లు కొన్నాను. ఇదంతా ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన పని. దీనికి గ్రీన్ అని ఒక పేరుందని తరవాత తెలిసింది. తెలిసిన వారంలోనే ట్రక్కుకి ఆకుపచ్చ రంగు వేయించాను.

అమెరికాలో, కార్ల ఫ్యాక్టరీల పక్కనుండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో అది 2009. పెద్ద కార్ల కంపెనీలు కూలుతున్నాయని టీవీలో చెప్పేలోపే, వాటికి విడిభాగాలు చేసిపెట్టే చిన్న కంపెనీలు మూతపడ్డాయి. వాటిలో పనిచేసే మన తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళు నాకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, రేటు కంటే ముందు ఒకటే అడిగేవాళ్ళు.

"జగన్మోహన్ గారూ, మీ ట్రక్కు మీద గ్రీన్ అని పెద్దగా రాసుంటుందా?"

మొదటిసారి నవ్వాను. రెండోసారికి నాకు వెలిగింది. ఇంటి ముందు మామూలు ట్రక్కు ఆగితే, బ్యాంకు ఇల్లు లాక్కుంటోందని వీధి వీధంతా అనుకుంటుంది. ఆకుపచ్చ ట్రక్కు ఆగితే, వీళ్ళు పర్యావరణం కోసం సామాను తగ్గించుకుంటున్నారు కాబోలనుకుంటుంది. ఆ ఏడు అది ఫ్యాషన్ కూడాను. అంటే నేను ఇల్లు ఖాళీ చేయడంతోపాటు పరువైన సాకు కూడా అమ్ముతున్నానన్నమాట. రేటు పదిహేను శాతం పెంచాను. మనవాళ్ళలో ఒక్కరు కూడా బేరమాడలేదు. దాన్నిబట్టే వాళ్ళ అవసరం ఎంతో తెలుసుకున్నాను.

అక్టోబరులో వసుమతి పిలిచింది. వాళ్ళాయన పద్మనాభం బ్రేకులు చేసే కంపెనీలో పదమూడేళ్ళు ఇంజనీరు. ఉద్యోగం పోయి అప్పటికి తొమ్మిది నెలలు. నేను వెళ్ళేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మేం పియానో దించుతుంటే పక్కకి జరిగాడు. మంచం దించుతుంటే మళ్ళీ జరిగాడు.

వసుమతి నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది.

"అన్నయ్యగారూ, మేం వెళ్ళేది ఇరవై మైళ్ళ అవతల అపార్ట్‌మెంట్‌కి. ఆ సంగతి ఒక్కళ్ళకి కూడా తెలియకూడదు. మా అమ్మాయి సాయి ప్రియకి హైస్కూల్లో ఇది లాస్ట్ ఇయర్. ఈ స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దుల్లో మాకు ఇల్లు లేదని తెలిస్తే స్కూల్లోంచి తీసేస్తారు. జూన్ దాకా ఆగితే చాలు."

"నా నోరు దాటదమ్మా."

"స్కూల్ తరఫున ఒక్కళ్ళకే ఇస్తారు ఆ స్కాలర్‌షిప్. నాలుగేళ్ళ కాలేజీ ఫీజు. దాని ర్యాంక్ ఫస్ట్. ఏప్రిల్‌లో అనౌన్స్ చేస్తారు. ఇప్పుడు మాకున్నది అదొక్కటే."

"పక్కింటివాళ్ళకి ఏం చెప్పారు?"

"గ్రీన్ అని చెప్పాను. సామానంతా ఇచ్చేసి సింపుల్‌గా ఉందామనుకుంటున్నామని. పక్కింటి సూజన్ అయితే హగ్ చేసుకుని కంగ్రాచ్యులేషన్స్ చెప్పింది." నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

చివర్లో అలమార కింద నుంచి స్టీలు గిన్నెలు తీసింది. అన్నం వండే పెద్ద గుండిగ, బేసిన్లు, కేరియర్లు, మూతలతో సహా ఇరవై రెండు. అన్నిటి మీదా అంచు కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది, తెలుగులో.

"మా అమ్మ ఒక్కొక్కటీ కొని కొట్టించింది. ఆ అపార్ట్‌మెంట్ కిచెన్‌లో ఇవి పట్టవు. వీటిని ఎవరికీ ఇవ్వద్దు. కరిగించేవాళ్ళకి వేసెయ్యండి."

"ఇంత మంచి స్టీలు కరిగించడమేమిటమ్మా? ఎవరైనా వాడుకుంటారు."

"ఇంకొకళ్ళింట్లో నా పేరెందుకు అన్నయ్యగారూ? కరిగించండి."

"సరే."

సరే అన్నమాట నిజమే. కానీ ట్రక్కు రోడ్డెక్కగానే నా బుర్ర లెక్కలో పడింది. ఆ ఏడు పాత స్టీలుకి ధర లేదు. అమ్మితే ట్రక్కు పెట్రోలు ఖర్చు కూడా రాదు. గుడి వంటింట్లో గిన్నెలు చాలడం లేదని ట్రస్టువాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు. ఇస్తే ఒక ఉత్తరం రాసిస్తారు. ఆ ఉత్తరం నాకు కావాలి. ఎందుకంటే అప్పుడు నేను స్కూల్ డిస్ట్రిక్ట్‌వాళ్ళ టెండరు వేస్తున్నాను. పదకొండు బడుల్లో పాత బల్లలు, కుర్చీలు, కంప్యూటర్లు మూడేళ్ళపాటు తీసుకెళ్ళే పని. తీసిన సామాను మళ్ళీ వాడుకకి ఇస్తున్నట్టు రుజువులు జతచేయాలని అందులో రాసుంది. పైగా ఎవరినడిగినా కరిగించడం కంటే వాడుకోవడమే మేలంటారు. నేనూ నా కస్టమర్లకి అదే చెబుతాను. నాకు లాభమైన పనే మంచిపని కూడా అయితే, ఇక ఆగడం నాకు చేతకాదు.

పేర్లు అరగదీయొచ్చు. ఒక్కో గిన్నెకి పావుగంట. ఇరవై రెండు గిన్నెలకి ఐదున్నర గంటలు. గుడి వంటింట్లో గిన్నె అంచు ఎవరు చూస్తారని ఆ పని వదిలేసి, అలాగే గుడికి ఇచ్చేశాను.

మగవాడిని కాబట్టి అలా అనుకున్నాను. పది ఇళ్ళవాళ్ళు వండి తెచ్చి కలిసి తిన్నచోట, భోజనాలయ్యాక మేం బయట కార్ల దగ్గర నిలబడి రాజకీయాలు మాట్లాడుకుంటాం. లోపల ఆడవాళ్ళు గిన్నెలు కడిగి, ఒక్కొక్కటీ తిప్పి పేరు చదివి, ఎవరిది వాళ్ళకి చేరుస్తారు. పేరు కొట్టించేదే అందుకు. ఇరవై ఏళ్ళుగా నా ఇంటి గిన్నెలు తప్పిపోకుండా తిరిగొస్తున్నాయి. ఎలా వస్తున్నాయో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

జనవరిలో ఒక సోమవారం మధ్యాహ్నం రాధారాణి గారు ఫోన్ చేశారు. గుడిలో ఆదివారం వంటలు చూసేది ఆవిడే.

"జగన్మోహన్ గారూ, ఇళ్ళు ఖాళీ చేసే పని మీదే కదా, మీకు తెలిసుంటుందని చేశాను. వసుమతి వాళ్ళేమయ్యారండీ?"

"ఏం, ఎందుకు?"

"నిన్న గుడి కిచెన్‌లో స్టోర్ రూమ్ సర్దుతుంటే వాళ్ళ గుండిగ కనపడింది, అంచు మీద పేరు చదివాను. మనవాళ్ళలో వసుమతి ఒక్కతే కదా. కార్తీకమాసం పాట్‌లక్ భోజనాలకి తెచ్చి మర్చిపోయిందేమో అనుకున్నా. ఖాళీ గిన్నె ఏం ఇస్తాం అని కాస్త పులిహోర పెట్టుకుని ఇవాళ పొద్దున్న వెళ్ళాను. అబ్బ, ఏం చెప్పమంటారు! డోర్‌కి బ్యాంక్‌వాళ్ళ తాళం, కిటికీకి నోటీసు. డ్రైవ్‌వేలో మోకాల్లోతు మంచు, ఒక్క టైరు జాడ లేదు. ఫోన్ చేస్తే తియ్యదు, గుండిగ గుడిలో ఉందని మెసేజ్ పెట్టాను."

"ఊరెళ్ళి ఉంటారు."

"స్కూల్ జరుగుతుంటే పిల్లని తీసుకుని ఊరెళ్తారా? ఉద్యోగం పోయిందని వినికిడి. ఏ అఘాయిత్యమైనా చేసుకున్నారేమో అని భయమేసింది. అందుకే స్కూల్‌కి కాల్ చేశాను. పిల్ల వస్తోందా లేదా అని."

నేను కారు పక్కకి ఆపాను. "స్కూల్‌కి చేశారా? ఏం చెప్పారు వాళ్ళకి?"

"ఇల్లు ఖాళీగా ఉంది, బ్యాంక్ లాక్ ఉంది, కొంచెం చూడండి అన్నాను. పిల్ల క్లాస్‌లోనే ఉందట, హమ్మయ్య! ఆ ఆఫీస్ ఆవిడ పాపం ఎంత మంచిదో, అడ్రస్ అదీ మళ్ళీ అడిగి మరీ రాసుకుంది. ఏమండీ, నేను చేసింది మంచిదే కదా?"

"మంచిదేనండి," అన్నాను.

పదో రోజున వసుమతి మా ఇంటికి వచ్చింది. బుధవారం, పొద్దున్న పది. ఆ పూట బడికి వెళ్ళని సాయి ప్రియ బయట కారులోనే ఉండిపోయింది. మా ఆవిడ లీలావతి టీ పెట్టి, మూడు కప్పులు తెచ్చి, మా దగ్గరే కూర్చుంది.

వసుమతి బ్యాగులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. స్కూల్‌వాళ్ళ ఉత్తరం. శుక్రవారం సాయంత్రంలోపు ఈ డిస్ట్రిక్ట్‌లో ఉంటున్నట్టు రుజువు చూపించాలి, లేకపోతే సోమవారం నుంచి రానివ్వరు.

"కరిగిస్తానన్నారు," అంది.

"పొరపాటయిందమ్మా."

"పొరపాటు కాదు. లాభం చూసుకున్నారు. మీరు లాభం చూసుకుంటారని తెలిసే మిమ్మల్ని పిలిచాను అన్నయ్యగారూ. లాభం కోసమైనా నోరు మూసుకుంటారనుకున్నాను." గొంతు పెంచలేదు. "సరే, అయిపోయింది. మీ ఇల్లు ఈ డిస్ట్రిక్ట్‌లో ఉంది. సాయి ప్రియ మీ దగ్గర ఉంటోందని, మీరు గార్డియన్లని ఒక్క పేపర్ సైన్ చేసి నోటరీ చేయించండి. పేపర్ మీద మాత్రమే. జూన్ దాకా."

మాట తేల్చడానికి నాకు టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. అబద్ధపు కాగితం. దాని మీద నా సంతకం. టెండరు తెరవబోయేది అదే డిస్ట్రిక్ట్‌వాళ్ళు. ఒకసారి అనుమానం వచ్చిన పిల్ల విషయంలో ఇంటికి మనిషిని పంపి మరీ చూస్తారు. దొరికితే కాంట్రాక్టు పోతుంది, పేరు పోతుంది, కోర్టు కూడా రావచ్చు.

"అమ్మా, నాకు వాళ్ళతో వ్యాపారం ఉంది," అన్నాను. "ఇంకేదైనా అడగండి. అపార్ట్‌మెంట్ అద్దె రెండు నెలలు నేను కడతాను."

"అద్దె నేను అడగలేదు."

తలుపు తోసుకుని సాయి ప్రియ లోపలికి వచ్చింది. బూట్ల మంచు గుమ్మం దగ్గరే జాగ్రత్తగా దులుపుకుంది.

"అమ్మా, లెట్స్ గో. ఐ టోల్డ్ యూ, అంకుల్ చెయ్యరు అని."

"నువ్వు కార్‌లో కూర్చో."

"నో, ఇట్స్ ఓకే. అంకుల్‌కి ప్రాబ్లమ్ అవుతుంది. లై కదా అది." నా వైపు తిరిగింది. "సారీ అంకుల్, మా అమ్మ టెన్షన్‌లో ఉంది."

పదిహేడేళ్ళ పిల్ల నాకు సారీ చెప్పింది. వసుమతి కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. టీ ముట్టుకోలేదు. "వస్తాను వదినా," అని లీలావతికి మాత్రం చెప్పింది.

కారు వెళ్ళిపోయాక లీలావతి కప్పులు తియ్యకుండా అలాగే కూర్చుంది.

"పైన గది ఖాళీగానే ఉంది కదా," అంది.

"అయితే?"

"జూన్ దాకా ఆ పిల్ల నిజంగానే మనింట్లో ఉంటే ఆ కాగితం అబద్ధం కాదు కదండీ."

నాకు అది తట్టలేదు. కాగితానికి లెక్క వేశాను, సంతకానికి వేశాను, కాంట్రాక్టుకి వేశాను. పైగది, ఒక మంచం, ఒక పళ్ళెం నా లెక్కలోకే రాలేదు.

"వాళ్ళున్నప్పుడే అనొచ్చు కదా?"

"మీరు నన్ను అడిగారా? ఆవిడ అడిగిన నిమిషంలోనే కుదరదనేశారు. పైవాళ్ళ ముందు మీ మాట కాదని నేనెప్పుడైనా అన్నానా?"

నా కప్పు తీసుకెళ్ళి సింకులో పెట్టాను.

"ఇవాళ బుధవారమే," అంది. "శుక్రవారం దాకా ఉంది. ఫోన్ చెయ్యండి."

"చూద్దాం," అన్నాను.

చూశాను. ఎదిగిన పిల్ల ఇంట్లో ఉంటే బాధ్యత. అప్పటికే వాళ్ళ ఇల్లు పోయిందని తెలిసిన స్కూల్‌వాళ్ళు, ఇది నిజమే అయినా నమ్మకపోవచ్చు. అడగడానికి వస్తే, ఆ ఇల్లు ఖాళీ చేసింది నేనేనని బయటపడుతుంది. ఎన్నిసార్లు వేసినా లెక్క అటే తేలింది. గురువారం పక్కూరు నోవైలో ఒక ఇల్లు ఖాళీ చేశాను. శుక్రవారం లీలావతి రెండుసార్లు ఫోన్ చేసింది. పనిలో ఉన్నానని తియ్యలేదు.

సోమవారం నుంచి సాయి ప్రియ అపార్ట్‌మెంట్ దగ్గరి బడికి వెళ్ళింది. ఏప్రిల్‌లో స్కాలర్‌షిప్ రెండో ర్యాంకు పిల్లవాడికి ఇచ్చారు. ఆ సంగతి లీలావతికి ముందే తెలుసు. నాకు చెప్పింది మాత్రం రాధారాణి గారు.